మిల్లు గుట్ట మీద మేకుల చప్పుడు

హోంకవారా ఊళ్లో సైమీని కళ్లకంటే చెవులే ముందు గుర్తుపట్టేవి. పొద్దున్నే, ఇంకా చీకటిగా ఉండగానే, మిల్లు గుట్ట కింది నుంచి గరగరమంటూ ఒక చప్పుడు పైకి వచ్చేది. డిసెంబరులో అయితే రోజంతా చీకటే కనుక పొద్దున్న అనేది ఆ చప్పుడుతోనే తెలిసేది. అది వినగానే పై ఊరి తల్లులు పిల్లల చేతులకి ఉన్ని తొడుగులు తొడిగి, టోపీలు చెవుల మీదికి లాగి గుమ్మం బయట నిలబెట్టేవారు. బడి టాక్సీ వచ్చేస్తోందన్నమాట.

ఆ చప్పుడు సైమీ వ్యాను టైర్లది. టైరు చుట్టూ చిన్న చిన్న ఇనప మేకులుంటాయి, అవి ఐసుని గీరి పట్టుకుంటాయి. ఉత్తర ధ్రువానికి దగ్గరగా ఉండే ఈ లాప్‌లాండ్‌లో చలికాలం బండి నడిపేవాళ్లకి రెండే మతాలు: మేకుల టైర్ల మతం, మెత్త టైర్ల మతం. మెత్త టైరుకి మేకులుండవు. ఎంత చలికీ బిగుసుకుపోని రబ్బరు, దాని మీద కత్తితో గీసినట్టు సన్నని గాట్లు. ఆ గాట్లే ఐసుని పట్టుకోవాలి. ఈ మతం వాడికి ఆ మతం వాడు పెట్రోలు బంకు దగ్గర ఎదురుపడితే ఇద్దరి కాఫీలూ చల్లారినట్టే.

టాక్సీ మొదట సైమీ భర్త ఒన్నిది. ఒన్ని గుండెపోటుతో పోయాక బడి వాళ్లు వేరే మనిషిని వెతుక్కోబోతుంటే, "వెతకడమెందుకు, తాళాలు నా దగ్గరే ఉన్నాయి" అని సైమీ ఎక్కి కూర్చుంది. మర్నాడు పిల్లలు బడికి ఒక్క నిమిషం కూడా ఆలస్యంగా వెళ్లలేదు. ఏడవడానికి శని, ఆదివారాలు సరిపోయాయి. ఆమె మనిషి అంతే. పొడుగ్గా, ఎముకలు తేలి, నవ్వితే ఒక పక్కకే నవ్వుతూ ఉండేది. ఒన్ని మేకుల టైర్లు వాడాడు కాబట్టి ఆమె కూడా మేకుల టైర్లే వాడింది.

ఒన్ని తమ్ముడు ఆర్వో బంకు పక్కన టైర్లు మార్చే షెడ్డు నడుపుతాడు. గుండ్రటి మనిషి, నోరు దానికంటే గుండ్రం. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. మెత్త టైర్లు మొదట ఊళ్లోకి తెచ్చింది అతనే. ఊరి బండ్లన్నిటికీ ఒక్కొక్కటిగా అవే తొడిగాడు. పత్రికల వాళ్లు టైర్లని పోల్చి మార్కులు వేస్తారు కదా, ఆ కాగితాలు షెడ్డు గోడ నిండా అంటించాడు. చివరికి ఊళ్లో మేకుల టైర్లున్న బండి ఒక్కటే మిగిలింది. అది సొంత వదినది కావడం ఆర్వోకి తలకొట్టేసినట్టుండేది.

"వదినా, నువ్వు గుట్టెక్కుతుంటే రాళ్లమిల్లు మళ్లీ తెరిచారేమో అనుకుంటున్నారు జనం," అనేవాడు, బంకు హోటల్లో అందరూ వినేలా.

"తెరిస్తే మంచిదేగా. నీ మాటలు కూడా అందులో పోసి కాస్త మెత్తగా ఆడించుకోవచ్చు," అనేది సైమీ.

"చెవులు పోతాయే నీకు!"

"పోనీరా. నీ మాటలు వినే బాధ తప్పుద్ది."

నిజానికి చెవులు అప్పటికే పోతున్నాయి. రాత్రి పక్క మీద వాలితే చాలు, ఎక్కడో కెటిలు కాగుతున్నట్టు సన్నగా ఈల. డాక్టరమ్మ చప్పుడు తగ్గించుకోమంది. ఆ సంగతి సైమీ ఎవరికీ చెప్పలేదు. ముఖ్యంగా మరిదికి చెప్పలేదు.

ఒక నవంబరులో, హోటల్లో యాలకుల బన్ను తింటూ తింటూ, ఆర్వో పందెం వేశాడు. ఒకే బండి, ఒకే డ్రైవరు, ఒకే చోటు; బ్రేకు తొక్కాక ఏది దగ్గరలో ఆగితే అది గెలిచినట్టు. ముందు మేకుల టైర్లు, తర్వాత తన సొంత వ్యాను నుంచి ఊడదీసిన మెత్త టైర్లు. రెండు వ్యాన్లూ ఒకే రకం కాబట్టి ఇటుది అటు సరిపోతుంది. సైమీయే నడపాలి, అప్పుడు మోసమనే మాట రాదు. మేకులు గెలిస్తే ఆర్వో తన బండికి మేకులు వేసుకుని ఊరంతా తిరుగుతాడు. మెత్తవి గెలిస్తే సైమీ ఆ చలికాలమంతా మెత్తవాటి మీదే నడవాలి.

"సరే," అంది సైమీ. ఆ ఇంటి వాళ్లు సరే అంటే సరే. ఒన్ని తాత ఒకప్పుడు మాటకి కట్టుబడి మంచి దుప్పుల మందని వదులుకున్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. కథ నిజమో కాదో గానీ కుటుంబమంతా దాని కిందే బతికింది.

చోటు గుట్ట దిగువన. అక్కడ ఊరి దారి హైవేని కలుస్తుంది. హైవే మీద రాత్రీ పగలూ దుంగల లారీలు పోతుంటాయి. మలుపులో ఒకనాటి పాల అరుగుంది, పాల క్యాన్లు పెట్టుకునే చెక్క అరుగు. గుట్ట దిగే ప్రతి బండీ ఆ అరుగు దగ్గర బ్రేకు వేసి, హైవే అంచున ఆగాలి. సైమీ ఇల్లు అరుగు ఎదురుగానే.

ఊరు సగం వచ్చి గట్టు మీద నిలబడింది. సైమీ మేకుల టైర్లతో గుట్ట దిగి, అరుగు దగ్గర బ్రేకు తొక్కింది. బండి ఆగిన చోట ఆర్వో ఒక స్కీ కర్ర పాతాడు. మళ్లీ ఒకసారి, మళ్లీ ఒకసారి. తర్వాత సైమీ ఇంట్లో కాఫీ, ఆర్వో చేతులు నలుపు చేసుకుంటూ టైర్లు మార్చడం. ఇప్పుడు మెత్త టైర్లు.

"అదే చాలులో రా వదినా! సెంటీమీటరు అటూ ఇటూ అయినా ఒప్పుకోను. న్యాయం న్యాయమే!" అని అరిచాడు.

సైమీ అదే చాలులో వచ్చింది. మేకుల గీతలు తెల్లగా, ముళ్లకంప ఈడ్చినట్టు, ఐసు మీద కనిపిస్తున్నాయి. ఆ గీతల మీదే మెత్త టైర్లు ఆగాయి. మేకుల టైర్లు ఆగిన కర్రలకంటే ఒక మూర ఇవతలే ఆగాయి.

గట్టు మీద చప్పట్లు. ఆర్వో టోపీ ఎగరేశాడు. బండి అదే, మనిషి అదే, చాలు అదే. న్యాయంగా జరగనిది ఒక్కటంటే ఒక్కటి కూడా ఎవరికీ కనిపించలేదు. మళ్లీ మొదటి టైర్లు తొడిగి ఇంకోసారి చూద్దామని ఏ బుర్రకీ తోచలేదు. టైర్ల గురించి పుట్టినప్పటి నుంచి వాదించుకుంటున్న ఊరది. వాళ్లకి తోచకపోవడమే వింత. కిందనున్న ఐసు గురించి వాదించే అలవాటు వాళ్లకి లేదు మరి.

సైమీ మాట ప్రకారం మెత్త టైర్ల మీద నడిపింది. ఆమె మేకుల టైర్లు ఆర్వో షెడ్డులో ఓ మూలకి పోయాయి.

మొదటిరోజు పై ఊరి తల్లులకి చప్పుడు వినపడక పిల్లలంతా తొడుగుల్లేకుండా పరిగెత్తుకొచ్చారు. సైమీకి మాత్రం ఇంకేదో వినపడింది. వెనక సీట్లో పిల్లలు మాట్లాడుకుంటున్నారు! ఎవరి పిల్లి ఏం తిన్నది, ఏ టీచరు విగ్గు పెట్టుకుంటుంది, ఎవరు ఎవరితో పచ్చి కొట్టి మాటలు మానేశారు. ఇన్నేళ్లూ అద్దంలో కదిలే మూతుల్ని చూసిందే గానీ, ఆ మూతుల్లో ఇంత లోకముందని ఆమెకి తెలియదు.

అన్నిటికంటే ఈదా. పై ఊరి చివరింటి పిల్ల. బళ్లో ఎవరితోనూ మాట్లాడదని, ఏదో లోపముందేమోనని వాళ్లమ్మ బెంగ. ఆ పిల్ల కిటికీ అద్దానికి నుదురు ఆనించి, తనలో తాను పాడుకుంటుంది. మాటలు తనవే, రాగం తనదే. దారిలో కనిపించిన దుప్పుల మీద, కరెంటు స్తంభాల మీద. రెండు చలికాలాలుగా ఆ పిల్ల తన వెనకే కూర్చుని పాడుతూ ఉందని, తన చప్పుడులో అది మునిగిపోయిందని తెలిసి సైమీకి కళ్లలో నీళ్లు తిరిగాయి. రేడియో తీసేసింది. అద్దంలో చూస్తే ఎక్కడ ఆపేస్తుందోనని చూడటం కూడా మానేసింది.

"ఏం వదినా, ఎలా ఉన్నాయి?" అనడిగాడు ఆర్వో.

"బాగానే ఉన్నాయి," అంది సైమీ. అది ఆమె అబద్ధానికి అనలేదు.

జనవరిలో రెండురోజులు చలి విరిగింది. పైపైన అంతా కరిగి నీళ్లయింది, మళ్లీ గట్టిగా బిగిసింది. మర్నాడు పొద్దున్న సైమీ నిండు బండితో గుట్ట దిగుతోంది. వెనక ఈదా సన్నగా పాడుతోంది. పాల అరుగు దగ్గర బ్రేకు తొక్కింది. బండి ఆగలేదు. తొక్కి వదిలింది, మళ్లీ తొక్కింది. బండి తన దారిన తాను నిమ్మకు నీరెత్తినట్టు జారుకుంటూ హైవే మీదికి పోయింది. ఎడమపక్క నుంచి దుంగల లారీ లైట్లు. హారను. సైమీ బ్రేకు మీద కాలు తీసేసి ముందుకే పోనిచ్చింది. వ్యాను హైవే దాటి అవతల మంచు గట్టులోకి ముక్కు గుచ్చుకుని ఆగింది. వెనక నుంచి లారీ గాలి కొట్టి బండి ఊగింది.

ఎవరికీ దెబ్బ తగల్లేదు. పాట ఆగిపోయింది.

"సైమీ మామ్మా, ఇప్పుడు మనం బడికి ఆలస్యమవుతామా?" అని అడిగింది ఈదా. ఆ పిల్ల ఆమెతో అన్న మొదటి మాట అది.

"అవ్వమమ్మా," అంది సైమీ. అద్దంలోంచి ఒక్కో తలనీ లెక్కపెట్టుకుంది.

లారీ అతను దూరంగా ఆపి వచ్చాడు. దేశం దక్షిణపు కొస నుంచి వచ్చిన మనిషి, ఏళ్లుగా ఈ దారిలో దుంగలు తోలుతున్నాడు. గొలుసు కట్టి వ్యానుని లాగాక, కాలితో ఐసుని రాసి చూశాడు.

"ఈ మలుపు ఇలా ఉండేది కాదమ్మా. ఎప్పుడాగినా బూటుకి కాస్త గరుకుగా తగిలేది. ఇప్పుడు చూడు, అద్దం. ఏం చేశారు దీన్ని?"

పిల్లల్ని బడిలో దింపి సైమీ తిరిగొచ్చింది. అరుగు దగ్గర బండాపి, దిగి, మోకాళ్ల మీద కూర్చుని తొడుగు తీసి ఐసు మీద చెయ్యి పెట్టింది. అలమరా అద్దంలా నున్నగా ఉంది. ఊరి బండ్లన్నీ ఇక్కడ బ్రేకు వేస్తాయి, మెత్త రబ్బరుతో తుడుస్తాయి, పాలిష్ పెడతాయి. ఇసుక లారీ మున్సిపాలిటీ నుంచి ఎప్పుడో వస్తుంది, ఆ ఇసుక దుంగల లారీల గాలికే ఎగిరిపోతుంది. ఏం చేశారు దీన్ని? ఎవరూ ఏమీ చెయ్యలేదు. చేస్తున్న మనిషి ఒకత్తి మానేసింది, అంతే. పొద్దున్న ఖాళీ బండితో ఎక్కి, పిల్లలతో దిగి, సాయంత్రం మళ్లీ ఎక్కి దిగి, రోజూ ఆమె ఈ ఐసుని గీరి పెట్టేది. వెనక వచ్చేవాళ్లు ఆ గీతల మీద ఆగి, మా టైర్లు ఎంత బాగా ఆగుతాయో అనుకునేవారు. పందెం రోజున ఆ మూర తేడా కూడా తన మేకులు ఇచ్చిందే.

అయినా అనుకోవడం వేరు, రుజువు వేరు. ఆర్వో షెడ్డుకి వెళ్లి, అతను భోజనానికి పోయిన వేళ, తన టైర్లు తాను ఎక్కించుకుంది. గుట్ట ఎక్కింది, దిగింది. మొదటిసారి మేకులు కూడా జారాయి. రెండోసారి తక్కువ. నాలుగోసారికి బండి అరుగు దగ్గరే ఆగింది. దిగి నడిచి చూస్తే బూటు పట్టుకుంటోంది.

అప్పుడు కూడా ఆమెకి సంతోషం కలగలేదు. పాట పోతుంది కదా అనుకుంది. మాట కూడా పోతుంది.

హోటల్లో అందరి ముందే చెప్పింది. చేసింది దాచుకోవడం ఆమెకి రాదు. ఐసు సంగతి, గీతల సంగతి, పందెం సంగతి, ఉన్నదున్నట్టు.

ఆర్వో కాఫీ కప్పు కింద పెట్టి పకపకా నవ్వాడు. "అయితే మేమంతా నీ చలవ వల్ల ఆగుతున్నామన్నమాట! రేపు సూర్యుడు కూడా నువ్వు లేపితేనే లేస్తున్నాడంటావేమో!"

"నేను లేపితే డిసెంబర్లో కూడా లేచేవాడు. నీ మాట విన్నాడు కాబట్టే పడుకున్నాడు."

"జోకులు సరే. సరే అన్నావు. చలికాలమంతా అన్నావు. మా అన్నయ్య ఉంటే ఏమనేవాడు?"

అది తగలాల్సిన చోటే తగిలింది. సైమీ టోపీ పెట్టుకుంది.

"పిల్లల్ని లారీ కింద పెట్టి మాట నిలబెట్టుకోమనేవాడు కాదు," అని లేచి వచ్చేసింది.

చెవిటివాడి ముందు శంఖం ఊది లాభం లేదని ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఊరు మాత్రం ఎత్తింది. మాట తప్పిన సైమీ అని, రోడ్డుకి పదును పెట్టే సైమీ అని. ఆమె పైకి ఒక పక్కకి నవ్వేది గానీ లోపల ముల్లు విరిగింది. గరగరమంటూ గుట్ట ఎక్కడం, గరగరమంటూ దిగడం. అద్దంలో ఈదా మూతి కదిలేది. పాట వినపడేది కాదు. పాల అరుగు దగ్గర బండి ఆగేది.

వేసవి గడిచి, మరో శరదృతువు వచ్చేసరికి సైమీకి వయసు అయిపోయింది. చెవులు కూడా పరీక్షలో తప్పాయి. వ్యాను అమ్మేసింది. టైర్లు మాత్రం ఆ కొన్నవాడు వద్దన్నాడు, అవి మళ్లీ ఆర్వో షెడ్డు మూలకే చేరాయి. బడి టాక్సీ పట్నం కంపెనీకి పోయింది. కొత్త డ్రైవరు యెన్నా మంచి పిల్లే, జాగ్రత్తగానే నడుపుతుంది. కానీ కంపెనీ బండ్లన్నిటికీ మెత్త టైర్లే, అది కంపెనీ నియమం. సైమీ ఫోను చేసి చెబితే అవతలి మనిషి చాలా మర్యాదగా విని, చాలా మర్యాదగా పెట్టేశాడు.

మొదటి ఐసు పడ్డ నాటి నుంచి సైమీ కొత్త పని పెట్టుకుంది. ఆవిరి స్నానాల గది పొయ్యిలో బూడిద బకెట్టుకెత్తి, చక్రాల్లేకుండా ఐసు మీద జారే తన్నుడు బండి మీద పెట్టుకుని, ఒక కాలు ఆనించి ఒక కాలితో నేలని తన్నుకుంటూ అరుగు దగ్గరికి పోయేది. పిల్లల టాక్సీ దిగే వేళకి ముందే మలుపంతా చల్లి వచ్చేది. లారీలు పోగానే సగం ఎగిరిపోయేది. మర్నాడు మళ్లీ చల్లేది. రోజూ ఆవిరి గది కాచాల్సి రావడంతో ఒళ్లు మాత్రం శుభ్రంగా ఉందని తనలో తాను హాస్యమాడుకునేది. కానీ టాక్సీ లైట్లు గుట్ట మీద కనిపించిన ప్రతిసారీ, అది ఆగేదాకా, ఆమె గుమ్మంలోంచి కదిలేది కాదు.

ఒక పొద్దున్న ఆర్వో వ్యాను గుట్ట దిగుతోంది. లైట్ల వెలుగులో మలుపు మధ్యలో, వంగి బూడిద చల్లుతున్న ముసలి మనిషి కనిపించింది. బ్రేకు తొక్కాడు. బండి ఆగలేదు. హారను కొట్టాడు, వదిన చెవులకి అది అందలేదు. వ్యాను ఆమె పక్క నుంచి, కోటు అంచు రాసుకుంటూ జారిపోయి, హైవే మధ్యలో అడ్డంగా నిలబడింది. ఆ క్షణాన లారీ ఏదీ రాలేదు. అది అతని అదృష్టం.

ఆర్వో దిగాడు. రెండడుగులు వేసి వెల్లకిలా పడ్డాడు. పడ్డవాడు వెంటనే లేవలేదు. ఐసు మీద అరచేయి ఆనించి అలాగే కూర్చున్నాడు.

"లెగురా, లారీ వస్తుంది," అంది సైమీ, చెయ్యి అందిస్తూ.

"తగిలిందా వదినా నీకు?"

"కోటుకి తగిలింది. కోటు ఏమీ అనుకోదులే."

  ఆర్వో బకెట్టు తీసుకుని మిగిలిన బూడిద తానే చల్లి, బండెక్కి వెళ్లిపోయాడు. సైమీకి అతని మీద జాలి వేసింది, కోపం కూడా వేసింది. రెండూ ఒకేసారి వేస్తాయని మరుదులున్నవాళ్లకి చెప్పనక్కర్లేదు.

మర్నాడు పొద్దున్న సైమీ బకెట్టు పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. అరికాళ్ల కింద గడప సన్నగా అదురుతోంది. తర్వాత వినపడింది, చెవుల్లోని ఈలల వెనక నుంచి, పాత చుట్టంలా. గరగర. గుట్ట ఎక్కుతోంది. దిగి, అరుగు దగ్గర బ్రేకు వేసి, తిరిగి మళ్లీ ఎక్కింది. పై ఊళ్లో ఇళ్ల దీపాలు వెలిగాయి. తల్లులు తొడుగులు వెతుకుతున్నారు కాబోలు.

మూడోసారి దిగాక ఆర్వో తన వ్యాను ఆమె వాకిట్లో ఆపి లోపలికొచ్చాడు. సైమీ కిటికీలోంచి టైర్ల వంక చూసింది. అవి ఆమెవే.

"కాఫీ పెట్టు వదినా. పోస్టు వచ్చిందేమో చూద్దామని ఇటొచ్చా."

"పోస్టు మధ్యాహ్నం కదరా వచ్చేది?"

"తెలుసులే." టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. "ఈ టైర్లు ఊరికే మూల పడున్నాయి. అరగదీసి పారేద్దామని వేశా. టైర్లుగా మెత్తవే గొప్ప, అది మాత్రం రాసిపెట్టుకో."

"రాసుకుంటాలే. పందెంలో ఓడిపోయినవాడు ఊరంతా తిరగాలి కదా. తిరిగావా?"

ఆర్వో తల వంచుకుని కప్పులోకి చూశాడు. "హోటలు దాకా వెళ్లొచ్చాను. అందరూ చూశారు," అన్నాడు. కాస్త ఆగి, "అన్నయ్య మాట ఎత్తకుండా ఉండాల్సింది వదినా," అన్నాడు.

సైమీ అతని కప్పు నింపింది. బన్నుల పళ్లెం అతని వైపు జరిపింది.

బడి టాక్సీ గుట్ట దిగుతోంది. ఇద్దరూ కిటికీ దగ్గరికి వచ్చారు. బండి చప్పుడు లేకుండా, తెల్లటి గీతల మీద నడుచుకుంటూ వచ్చి, పాల అరుగు పక్కన బుద్ధిగా ఆగింది. దుంగల లారీ ఒకటి ఎదురుగా మోత పెడుతూ పోయింది. టాక్సీ కిటికీ అద్దానికి నుదురు ఆనించి ఒక పిల్ల కూర్చుంది. పెదాలు కదులుతున్నాయి.

"పాడుతోంది," అంది సైమీ.

"నీకెలా వినపడుద్దే?"

"నాకు వినపడక్కర్లేదురా. యెన్నాకి వినపడుద్ది."

టాక్సీ హైవే ఎక్కి బడి వైపు తిరిగింది. దాని వెనక ఎర్ర దీపాలు కనపడకుండా పోయేదాకా చూసి, సైమీ మరిది చేతికి టోపీ అందించింది.

"బన్ను జేబులో పెట్టుకో. వెళ్లి పడుకోకు. పిల్లలు సాయంత్రం మళ్లీ వస్తారు."

"వస్తాలే వదినా," అన్నాడు ఆర్వో.